బొమ్మ కింద సంతకం



రఘుపతి వెంకయ్యగారిని తలుచుకోవడానికి మద్రాసులోని ఈ చింతాద్రిపేటకు మించిన చోటు దొరకదు. ఇక్కడి బ్లాకర్స్ రోడ్డులోనే 1914లో ఆయన గెయిటీ సినిమా హాలు వెలిసింది. దక్షిణాదిలో భారతీయులు కట్టించిన తొలి శాశ్వత సినిమా హాళ్లలో అదొకటి. ఆయన్ను తెలుగు సినిమా పితామహుడు అనడం అలవాటైపోయి, అంతకు ముందటి సంగతి మరుగున పడింది. వెంకయ్యగారు మొదట ఫొటోగ్రాఫరు.

1869లో మచిలీపట్నంలో పుట్టి, మద్రాసు చేరి, స్టూడియో పెట్టుకున్నారు. కదలని బొమ్మతో గడిచిపోతున్న బతుకును కదిలే బొమ్మ కోసం పణంగా పెట్టి, స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ తెప్పించారు. తెర మీద మనుషులు కదులుతుంటే రికార్డు మీంచి పాట వినిపించే యంత్రమది. విక్టోరియా పబ్లిక్ హాలులో ఆటలు వేశాక, దాన్ని వెంటబెట్టుకుని బర్మా, సింహళం దాకా వెళ్లారు. కొడుకు ప్రకాష్‌ను సినిమా విద్య కోసం ఇంగ్లండు పంపారు. ఆ ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు.

బొమ్మల పని ఈ పేటకు వెంకయ్యగారితో రాలేదు. 1734లో ఈస్టిండియా కంపెనీ సుంకురామ చెట్టి తోటను తీసుకుని, కూవం వంపులో ఈ పేట కట్టించింది. నేతగాళ్లు, వడికేవాళ్లు, చాకళ్లు, రంగులవాళ్లతో పాటు గుడ్డ మీద బొమ్మలు వేసేవాళ్లను కూడా ఇక్కడికి రప్పించింది. కోస్తాలో ఆ పని ఎలా సాగేదో తెలిసిందే. గుడ్డను కరక్కాయ పాలలో నానబెట్టి, ఇనుమూ బెల్లమూ ఊరిన కసిం నీళ్లలో వెదురు కలం ముంచి గీత గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక పూస్తారు. పారే నీటిలో ఉతికి, మళ్లీ కాచి, మళ్లీ ఉతికితే గానీ రంగు నిలవదు. ఇంత ఓపికతో వేసిన బొమ్మలు ఓడలెక్కి లండను చేరాయి. వేసినవాళ్ల పేర్లు మాత్రం గుడ్డ మీద లేవు.

సంతకం తర్వాత వచ్చింది. 1947 జూలైలో మద్రాసు నుంచి పిల్లల పత్రిక ‘చందమామ’ వెలువడింది. దాని బొమ్మల మూల చిన్న అక్షరాల్లో చిత్రా, శంకర్, వపా అన్న పేర్లుండేవి. చదవడం రాని పిల్లలు కూడా ఎవరి గీత ఏదో చెప్పగలిగేవారు. భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి మనకిచ్చినది శంకర్. ఆయన 2020లో కన్నుమూశాక పద్మశ్రీ వచ్చింది. ఇంత ఆలస్యం జరగకూడదు. ఇక బాపు. లా చదివి బొమ్మల్లోకి వచ్చిన మనిషి. సినిమాలు తీసేటప్పుడు షాటు షాటునూ ముందే కాగితం మీద గీసుకునేవారు. ఆయన చేతిలో పత్రిక బొమ్మా, సినిమా ఫ్రేమూ ఒకే గీతకు లోబడ్డాయి.

నేటివాళ్లు ఆ వరుసలోనివాళ్లే. 2012లో వచ్చిన ‘ఈగ’ సినిమాలో ఈగగా మళ్లీ పుట్టిన నాయకుడికి మాట లేదు, మనిషి ముఖం లేదు. పగ, ప్రేమ, అలసట అన్నీ కాళ్లతో, రెక్కలతో, తల తిప్పుడుతో తెలియాలి. మకుట సంస్థ యానిమేటర్లు ఆ పని చేసి జాతీయ పురస్కారం తెచ్చుకున్నారు. హైదరాబాదు గ్రీన్ గోల్డ్ 2019లో ‘మైటీ లిటిల్ భీమ్’ను సంభాషణలు లేకుండా నడిపింది. పసివాడు పాకడం, చేతికందని లడ్డూ చాలు. భాష తెలియని దేశాల పిల్లలూ నవ్వారు. ఇంత తేలిగ్గా కనిపించే నవ్వు వెనక ఎన్ని ఫ్రేములు గీసి పారేసి ఉంటారో గీసినవాళ్లకే తెలుసు.

ఫొటోలోనూ, చిత్రకళలోనూ ఆ వరుస సాగింది. 2022లో మరణించిన గుడిమల్ల భరత్ భూషణ్ తెలంగాణ పల్లె ఇళ్లను, బతుకమ్మను ఏళ్ల తరబడి తీశాడు. ఆ ఫొటోల్లోని లాంటి గోడలూ వాకిళ్లూ ఇప్పుడు చాలా చోట్ల కనిపించవు. ఏలె లక్ష్మణ్ నల్లగొండ పల్లెల మనుషుల ముఖాల్లోని బరువును కాన్వాసు మీదికి తెచ్చాడు.

వీళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? ఓటీటీలో సినిమా అయిపోయి పేర్లు మొదలవగానే తర్వాతి వీడియో వచ్చి మీద పడుతుంది. పత్రికల్లో కథకు రచయిత పేరు పెద్ద అక్షరాల్లో ఉంటే, బొమ్మ వేసినవారి పేరు వెతుక్కోవాలి. చేయగలిగిన పనులు రెండు ఉన్నాయి. తెలుగు పత్రికలు కథ పేరు కింద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయాలి. సినిమా సమీక్షల్లో నటీనటుల వెంట యానిమేషన్ బృందం పేరు కూడా రాయాలి.