మొగలిపొద



గౌతమీతీరమున, యానాము మొదలు సముద్రమువఱకు, కాలువగట్లమీదను ఇసుకనేలలందును తనంత తానే పెరుగు పొదలలో మొగలి యొకటి. సంస్కృతకవుల కేతకి యిదియే. స్త్రీలు దీని రేకులను జడలో తుఱుముకొందురు, బట్టలపెట్టెలో దాచుకొందురు. పొదకు మాత్రము గొడ్డలియే గతి యగుచున్నది.

కేతకి బ్రహ్మపక్షమున అసత్యసాక్ష్యము పలికి శివపూజకు అర్హత గోల్పోయినదని పురాణకథ. పూవు పలికిన బొంకునకు పొదకు మరణదండన విధించుట న్యాయము గాదు.

పాముల భయమే ముఖ్యమైన అభియోగము. పాము పరిమళమునకు వచ్చునని లోకుల నమ్మిక. నిజమునకు దానిని రప్పించునవి దట్టపునీడ, ఎండుటాకులు, అందు దాగు ఎలుకలు, కప్పలు. కావున మొగలిని వాకిట నాటరాదు. పెరటిచివరనో చెరువుగట్టుననో నాటవలెను. అడుగున ఎండిన యాకులను, కఱ్ఱతో తట్టి చూచి, ఏటేట తీసివేయవలెను.

మొగలిలో ఆడుచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. పరిమళించు రేకులు మగచెట్టువి. ఆడుచెట్టు అనాసపండును బోలిన కాయను కాచును. విత్తునుండి మొలచినది ఏదియో పూచువఱకు తెలియదు. కాబట్టి పూచినపుడు గుర్తుపెట్టిన మగచెట్టునుండి పిలకను తీసి, ఆకులను సగమునకు కత్తిరించి, తొలకరిలో నాటవలెను. చుట్టును పదియడుగుల చోటు విడువవలెను. వేరూనువఱకు నీరు పోసిన చాలును. ఉప్పుగాలికి అది వెఱవదు. మూడు నాలుగేండ్లకు వానకాలమున పూచును. పూవు మొవ్వునందే పుట్టును గనుక తలలు కత్తిరించి కంచెగా తీర్చరాదు. కాండమునుండి దిగిన ఊడలు దానికి ఊతకోలలు. వానిని నఱికినచో పొద ఒరుగును.

1996 నవంబరు 6వ తేదీని యానామునకును తూర్పుగోదావరి తీరమునకును తుపాను చేసిన నాశమును చూచినవారు మఱచియుండరు. మొగలి యొక్కటే తుపాను నాపుననుట అతిశయోక్తి. కాని గట్టుమన్నును ఇసుకను దాని వేళ్లు పట్టియుంచును. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ పూవులను రాగిపాత్రలలో బట్టీపట్టి అత్తరు తీయుదురు. అచట ఇదియే అనేక కుటుంబములకు జీవనాధారము. అచట ఆదాయమైనది ఇచట అడ్డమగుట చింతింపదగినది.

రజతోత్సవమున గ్రంథాలయపు పెరటిచివర ఒక మగపిలకను నాటి, దాని స్వభావమునకు దానిని విడువుడు. కావ్యములలో కేతకిని చదువు బాలురు అపుడు పుస్తకము మూసి, ఆ పూవు ఎట్టిదో వాసనచేతనే తెలిసికొందురు.