సాలీడు ఇచ్చిన లైఫ్ సర్టిఫికెట్

(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటా నవంబరులో మనం బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకుంటాం. అటువంటి కాగితం 27 ఏళ్లు ఆలస్యంగా ఇచ్చిన ఒక చిన్న సాలీడు వంశం కథ మీకు మనవి చేస్తాను.

కోట్ల ఏళ్ల క్రితం చెట్ల నుండి కారిన బంక రాయిలా గట్టిపడితే దానిని అంబర్ అంటారు. బాల్టిక్ సముద్రతీరంలో దొరికే అంబర్‌లో చిక్కుకున్న ఒక సాలీడుకు, 1854లో వెలువడిన కోఖ్, బెరెంట్ అనే పండితుల గ్రంథంలో ‘ఆర్కియా పారడాక్సా’ అని పేరు పెట్టారు. ప్రాచీనమైనది, విడ్డూరమైనది అని దాని భావం. విడ్డూరమే మరి! కొంగలా నిక్కిన మెడ, ముక్కులా పొడుగాటి కోరలు. ఒళ్లు చూస్తే బియ్యపు గింజంత.

అప్పటికి ఆ వంశంలో బతికున్నది ఒక్కటీ ఎవరికీ తెలియదు. 1881లో ఇంగ్లండుకు చెందిన పికార్డ్-కేంబ్రిడ్జ్ అనే మతగురువు మడగాస్కర్ సాలీడు నొకదానిని వర్ణించారు. అదే మెడ, అవే కోరలు! ఆ వంశం నేటికీ ఉంది. గూడు అల్లి కాచుకోక, తోటి సాలీళ్లను వేటాడి తింటుంది.

పోలిక ఉన్నదని ఒకే పేరు పెట్టేయరు. మెడ పొడవు, మగదాని నోటి పక్కనుండే చిన్న అవయవాల ఆకృతి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. పేరుకు ఆధారమైన నమూనాను మ్యూజియంలో భద్రపరుస్తారు. అది ఆ జాతికి సర్వీసు రిజిస్టరు. 2018లో వుడ్, షార్ఫ్ అనే శాస్త్రజ్ఞులు, మ్యూజియం సీసాలలోని సాలీళ్లను కూడా పరీక్షించి, మడగాస్కర్‌లోనే 18 కొత్త జాతులకు పేర్లు పెట్టారు.

ఇదంతా మనకెందుకంటారా? నా మిత్రుడొకరు కాలం చేశారు. ఆయన భార్యకు సర్వీసు రిజిస్టరులో ముద్దుపేరు, ఓటరు కార్డులో అసలు పేరు. ఇద్దరూ ఒకరేనని రుజువు చేసి ఫ్యామిలీ పెన్షను తెచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆ తల్లి నడిపిన సంసారం నేను చూశాను.

బియ్యపు గింజంత పురుగు పేరు సరిచూడటానికి పండితులు అంత శ్రమపడుతున్నారు. మనం ఇంటికి వెళ్లగానే పెన్షను పత్రం తీసి, జీవిత భాగస్వామి పేరు, పుట్టిన తేదీ ఒక్కసారి సరిచూసుకుందాం. తప్పుంటే మనం ఉండగానే దిద్దించుకుందాం.