కబురు ఎవరికి అందింది? కార్గిల్ చెప్పే సంగతి



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ మాస్టారు మాకు చరిత్ర చెప్పేవారు. ఏ యుద్ధం గురించి చెప్పినా ఒక ప్రశ్న వేసేవారు: "రాబోయేది ముందే ఎవరికి తెలుసు? తెలిసినవాడు ఎవరికి చెప్పాడు?" ఇవాళ ఆ ప్రశ్నను కార్గిల్ యుద్ధం విషయంలో అడుగుతాను.

1999 మే మొదటివారంలో కార్గిల్ ప్రాంతంలోని బటాలిక్ కొండల మీద కొత్త మనుషులున్నారని సైన్యానికి చెప్పింది పశువుల కాపరులు. అప్పటికి మనకు 1887 నాటి మూలాలున్న ఇంటెలిజెన్స్ బ్యూరో ఉంది. విదేశాల సమాచారం కోసం 1968లో ఆర్.ఎన్. కావ్ సారథ్యంలో పుట్టిన 'రా' ఉంది. సైన్యానికి సొంత నిఘా విభాగమూ ఉంది.

మరి ఎవరికీ ఏమీ తెలియదా? అలా అనుకుని ఊరుకోవడం తేలికే గాని, అది నిజం కాదు. కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన కార్గిల్ సమీక్షా కమిటీ నివేదికలో నన్ను ఎక్కువగా కలచివేసిన భాగం ఒక ఉత్తరం గురించినది. 1998 జూన్ 2న, అంటే పాకిస్తాన్ చొరబాటు బయటపడడానికి పదకొండు నెలల ముందు, బ్యూరో డైరెక్టర్ స్వయంగా సంతకం చేసి ఒక నోటు పంపారు. లేహ్-కార్గిల్ ప్రాంతానికి ఎదురుగా, నియంత్రణ రేఖ ఆవల జరుగుతున్న కదలికలు అందులో ఉన్నాయి. అది ప్రధానికి వెళ్లింది, హోంమంత్రికి వెళ్లింది, కేబినెట్ కార్యదర్శికి, హోం కార్యదర్శికి, మిలిటరీ ఆపరేషన్స్ డైరెక్టర్ జనరల్‌కు వెళ్లింది. 'రా' అధిపతికి మాత్రం వెళ్లలేదు. సంయుక్త నిఘా కమిటీ అధ్యక్షుడికి, మిలిటరీ ఇంటెలిజెన్స్ అధిపతికి కూడా వెళ్లలేదు. ఆ ఆనవాళ్ల వెంట పడి కూపీ లాగవలసినవారు, మిగతా సమాచారంతో కలిపి చూడవలసినవారు ఈ ముగ్గురే! పైనుంచి వాళ్లకు అదే చేరుతుందని డైరెక్టర్ అనుకున్నారు.

ఆ నోటు ఒక్కటే చదివితే దండయాత్ర వస్తోందని ఎవరూ చెప్పలేరు, ఒప్పుకుంటాను. నిఘా సమాచారం ఎప్పుడూ తునకలుగానే వస్తుంది. ఆ తునకలను అతకడానికే సంయుక్త నిఘా కమిటీ ఉంది. దానికి ఇవ్వవలసిన ప్రాధాన్యం అటు సంస్థలూ ఇటు ప్రభుత్వమూ ఇవ్వలేదని నివేదిక చెప్పింది. అంత ఎత్తున, అంత చలిలో ఎవరు నిలుస్తారులే అన్న నమ్మకం దానికి తోడైంది.

యుద్ధం సాగిన 1999 వేసవిలో మన నిఘా వాళ్లు గొప్ప పని కూడా చేశారు. బీజింగ్‌లో ఉన్న పాకిస్తాన్ సైన్యాధిపతి ముషారఫ్‌కూ రావల్పిండిలోని జనరల్ అజీజ్‌కూ మధ్య మే 26న, 29న సాగిన ఫోన్ సంభాషణలను పట్టుకున్నారు. జూన్ 11న ప్రభుత్వం వాటిని బయటపెట్టింది. కొండల మీద ఉన్నది ముజాహిదీన్లేనన్న పాకిస్తాన్ మాట దాంతో తేలిపోయింది. తమ మాటలు వింటున్నారని శత్రువుకు తెలిసిపోయింది కూడా. అది పెద్ద నష్టమే. అయినా ప్రపంచాన్ని ఒప్పించవలసిన ఆ రోజుల్లో ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం.

ఆ యుద్ధంలో 527 మంది మన సైనికులు ప్రాణాలిచ్చారు. మరణానంతరం మహావీరచక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ వాడే.

తర్వాత 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ, 2004లో సాంకేతిక నిఘా కోసం ఎన్.టి.ఆర్.ఓ. వచ్చాయి. కాని బ్యూరోకూ 'రా'కూ పార్లమెంటు చేసిన చట్టం నేటికీ లేదు. బ్రిటన్ 1989లో, 1994లో తన సంస్థలను చట్టం కిందికి తెచ్చింది. ఇక్కడ 2011లో ఎంపీ మనీష్ తివారీ అందుకోసం ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. రహస్యాలు వీధిలో పరచమని నేననను. ప్రమాణం చేసిన కొద్దిమంది ఎంపీలు తలుపులు మూసుకుని, ఏ కాగితం ఎవరికి వెళ్లింది, ఎవరికి వెళ్లలేదు అని అడగగలగాలి. కార్గిల్ నివేదికను కూడా భద్రత పేరిట కొన్ని భాగాలు తీసేసే ప్రచురించారు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పటి భద్రతకు ముప్పు లేని భాగాలనైనా ప్రచురించాలని ఈ వేదిక మీద నుంచి ప్రభుత్వాన్ని కోరుతున్నాను.