వార్తలో వ్యక్తి, శీర్షికలో వర్గము

చీమకుర్తిలో తెల్లవారినదని తెలుపునవి రెండు చప్పుళ్లు. ఒకటి గ్రానైటు గనులకు పోవు లారీల చప్పుడు. రెండవది టీ అంగడి బల్లపై పత్రికల కట్ట పడిన చప్పుడు. ఉపాధ్యాయ వృత్తి విరమించిన నాటినుండి ఆ అంగడిలో కూర్చుండి నలుగురికి పత్రిక చదివి వినిపించుట నాకు అలవాటైనది. గనులకు పోవువారు, మిరప కోతకు కూలీలను కూర్చు మేస్త్రులు, పొగాకు రైతులు టీ త్రాగుచు విందురు.

కొంతకాలము క్రిందట ఒకనాడు జిల్లా పుటలో 'హిజ్రాల వీరంగం' అను శీర్షికను చదివితిని. దాని క్రింద నాలుగు పంక్తులు. ఒక రైల్వే స్టేషనులో డబ్బు విషయమున ఒక ప్రయాణికునికిని, ఒక హిజ్రాకును జరిగిన తగవు అది. తగవు పడినవారు ఇద్దరే. వారిలో ఒకరు ప్రయాణికుడుగా మిగిలిరి. రెండవవారు శీర్షికకు ఎక్కునప్పటికి ఒక వర్గమంతయు అయిరి. అంగడిలో అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

ఆ వారమే మా వీధి చివర గది అద్దెకు తీసికొని యున్న ఒకామె సామాను సర్దుకొనుచుండగా చూచితిని. ఆమె హిజ్రా. జాకెట్లు కుట్టుకొని జీవించుచున్నది. ఎందుకమ్మా అని యడిగితిని.

"ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్నాడు మాస్టారూ. పేపర్లో పడింది నేను కాదని చెప్పాను. నువ్వు కాకపోతే మీవాళ్లేగా అన్నాడు."

ఆ ఇంటి యజమాని టీ అంగడిలో నా ఎదుట కూర్చుండి వినినవాడే. చదివి వినిపించినది నేను. ఈ ప్రసంగమునకు కారణ మదియే.

పత్రిక అబద్ధము వ్రాయలేదు. తగవు జరిగినమాట నిజము. బలవంతముగా డబ్బు గుంజుట ఎవరు చేసినను తప్పే. దానిని దాచిపెట్టుమని నేను కోరను. కాని పక్షపాతము ఎల్లప్పుడును అసత్యము రూపముననే రాదు. నిజమును ఎవరి పేరిట వేయుదుము, ఏ పుటలో వేయుదుము అను నిర్ణయములోనే అది దాగి యుండును. ఒక ఉపాధ్యాయుడు చీటీ డబ్బు ఎగవేసినచో 'ఉపాధ్యాయుల వీరంగం' అని ఎవరును వ్రాయరు. హిజ్రాల విషయమున మాత్రము 'వీరంగం', 'ఆగడాలు', 'హల్‌చల్' అను మాటలు అచ్చుకు సిద్ధముగా నుండును. 2011 జనాభా లెక్కలలో స్త్రీ పురుషులు కాక 'ఇతరులు'గా నమోదయినవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మంది. ఇందరికిని ఒకరి తగవును అంటగట్టుట న్యాయమగునా?

దీనికి కారణము విలేకరి దుర్బుద్ధియే అనలేము. మండల విలేకరి దినదినము ఏదో యొక వార్త పంపవలసినవాడు. పోలీసు స్టేషను అతనికి దగ్గరి మార్గము. అక్కడ లభించునది ఫిర్యాదు. ఫిర్యాదుకు లోనైనవారి మాట కాదు. జాకెట్లు కుట్టు మనిషి స్టేషనుకు పోదు గనుక వార్త కాదు. ఇక అప్పుడప్పుడు 'మొట్టమొదటి హిజ్రా' అని ఒక వింతగా ఫొటోతో వేయుదురు. నేరమునకును వింతకును నడుమనున్న సామాన్య జీవితమునకు పత్రికలో చోటు తక్కువ.

భాష సంగతి మరియొకటి. మన తెలుగున 'నేను వచ్చితిని', 'నీవు వచ్చితివి' అనునప్పుడు క్రియ ఆడ, మగ భేదము చూపదు. హిందీలో అట్లు కాదు. తెలుగు మనిషి తన సంగతి తాను చెప్పుకొన్నంత సేపు భాష అతనిని ఆ ప్రశ్న అడుగదు. ఇతరులు చెప్పునప్పుడే 'వచ్చినాడు', 'వచ్చినది' అను విభాగము వచ్చును. అనగా ఆ తీర్పు చెప్పువాని చేతిలో, పత్రికలోనైతే విలేకరి చేతిలో, ఉన్నది. స్త్రీగా జీవించు మనిషిని విడిచిన పాత పేరుతో, 'అతడు' అని వ్రాయుట ఈ తీర్పే. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, నల్సా కేసులో, తన లింగమేదో నిర్ణయించుకొను హక్కు ఆ వ్యక్తిదే అని చెప్పినది. సందేహము కలిగిన చోట మనిషిని అడుగవచ్చును. అడుగ వీలుకానిచో 'వారు' అను మాట ఉండనే ఉన్నది. అది ఎవరికైనను చెల్లును, మర్యాదయు నిలుచును.

ఒక వర్గమునకు అంటిన పేరు ఎంతకాలము వదలదో మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. బాపట్ల, చీరాలల నడుమ స్టూవర్టుపురమున్నది. 1910 దశకములో నాటి ప్రభుత్వము ఎరుకలవారిని అక్కడ చేర్చి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీకి అప్పగించినది. 'నేరస్థ జాతుల' చట్టములు 1952 నాటికి దేశమంతటను రద్దయినవి. అయినను 'స్టూవర్టుపురం దొంగలు' అను మాట పత్రికలలోను, సినిమాలలోను తరములపాటు నిలిచినది. ఆ ఊరి పేరు చెప్పుకొనుటకే అక్కడి పిల్లలు జంకవలసి వచ్చినది.

ఆ చట్టములలో మొదటిది 1871 నాటిది. దానిలో రెండు భాగములుండెను. మొదటి భాగము జాతులను గూర్చినది. రెండవ భాగము హిజ్రాలను ఉద్దేశించినది: పిల్లలను ఎత్తుకొనిపోవుదురను అనుమానముపై వారి పేర్లు దస్తరమున ఎక్కించుటకు అది అధికార మిచ్చినది. హైదరాబాదు రాజ్యమున 1919లో అటువంటి చట్టమే వచ్చినది. దస్తరములోనికి ఎక్కినవారు స్త్రీ వేషముతో వీధిలో కనబడినచో వారంటు లేకయే పట్టవచ్చునని అందులో ఉండెను. దానిని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది 2023 జులైలో.

ఈ రెండు చట్టములకును పునాది ఒకే అనుమానము. అదే అనుమానము 2018 మే నెలలో ఫోనులలో వదంతియై తిరిగినది. మే 26 రాత్రి హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక గుంపు, పిల్లల నెత్తుకొనిపోవువారని నమ్మి, ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని కొట్టి చంపినది. ఆ వదంతిని పుట్టించినది పత్రికలు కావు. కాని హిజ్రా యనిన నేరముతోడనే తలచుకొను అలవాటు మనకు ఎక్కడనుండి వచ్చినదో పత్రికలును, వాటిని చదువు మనమును ఆలోచించుకొనవలెను.

మార్గము లేకపోలేదు. తమిళులు 'తిరునంగై' అను గౌరవప్రదమైన మాటను వాడుకలోనికి తెచ్చుకొనిరి. మద్రాసు హైకోర్టు ఈ విషయమున పత్రికల భాషను పట్టించుకొనగా, 2022లో తమిళనాడు ప్రభుత్వము వాడదగిన మాటల పట్టికను గెజెటులో ప్రకటించినది. మనకు అట్టి పట్టిక తయారగువరకు ఆగనక్కరలేదు. ఒక కులమునకు అపకీర్తి కలుగు సందర్భమున కులము పేరు వ్రాయరాదని ప్రెస్ కౌన్సిలు నియమములలో ఉన్నది. ఆ నియమములోని న్యాయమునే ఇక్కడను పాటించిన చాలును. తప్పు చేసిన మనిషిని గూర్చి వ్రాయుడు. వర్గమును శీర్షిక కెక్కింపకుడు. రెండవవారి మాట కూడ వినుడు.

మన జిల్లా పేరే ఒక పత్రికా సంపాదకుని పేరు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసున 'స్వరాజ్య' పత్రికను స్థాపించి, ఆస్తిని కరగించి నడపిరి. ఆ పేరు గల జిల్లాలో ఈ మాత్రపు న్యాయమును అడుగుట అత్యాశ కాదు.

పాఠకునికిని కొంత పని ఉన్నది. అన్యాయముగా తోచిన వార్త కనబడినచో ముందుగా సంపాదకునికి ఉత్తరము వ్రాయవచ్చును. ప్రెస్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయదలచినను మొదటి మెట్టు అదియే. నేను వ్రాసితిని, జవాబు ఇంకను రాలేదు. ఇంటి యజమానితోడను మాటలాడితిని. ఆయన చాలసేపు ఊరకుండి, "అప్పుడు చదివింది మీరేగా మాస్టారూ" అనినాడు. నిజమే. అప్పటికి ఆమె ఊరు విడిచి వారము దాటినది.

ఇప్పుడును ఆ అంగడిలో నేనే పత్రిక చదువుచున్నాను. అటువంటి శీర్షిక వచ్చిననాడు ముందు వార్త చదివి, తగవు పడినవారు ఎందరని వినువారిని అడిగి, పిమ్మటనే శీర్షిక చదువుచున్నాను.