అల్ట్రాసౌండ్ చికిత్స: హద్దులు, బాధ్యతలు

మన ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో రోజూ పనిచేసే అల్ట్రాసౌండ్ మిషన్ గురించి నా మనసులో ఉన్నది ఈ సభ ముందు పెడతాను.

ఈ మిషన్ కథ పాతది. 1880లో పియర్, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ దాన్నే తిరగేసి, క్వార్ట్జ్ స్ఫటికానికి విద్యుత్తు ఇచ్చి, నీళ్లలోకి చెవికందని ధ్వనిని పంపాడు. జలాంతర్గాముల జాడ పట్టడం ఆయన లక్ష్యం. ఆ ధ్వని దారిలో పడ్డ చేపలు చచ్చిపోయాయి, చెయ్యి పెడితే నొప్పి పుట్టింది. ఒంటి మీద ఈ ధ్వనికి ప్రభావం ఉందని అలా తెలిసింది. 1930ల చివర జర్మనీలో పోల్మన్ అనే శాస్త్రవేత్త దాన్ని చికిత్సకు మళ్లించాడు.

ఒక మెగాహెర్ట్జ్ ధ్వని కండరాల్లోకి లోతుగా దిగుతుంది, మూడు మెగాహెర్ట్జ్‌ది పైపైనే ఇంకిపోతుంది. కొవ్వు దాన్ని దాదాపు వదిలేస్తుంది, కొలాజెన్ నిండిన స్నాయువు పట్టుకుంటుంది. ఇదంతా ప్రయోగశాలలో నిలిచిన శాస్త్రమే. మరి రోగికి ఎంత మేలు జరుగుతోంది?

2001లో రాబర్ట్‌సన్, బేకర్ అనే పరిశోధకులు పాతికేళ్ల పరిశోధనలు వెతికి 35 యాదృచ్ఛిక పరీక్షలను ముందేసుకున్నారు. పద్ధతి సరిగా ఉన్నవి 10 మాత్రమే. వాటిలో ఎనిమిదింటిలో అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ తేడా లేదు. నడుము నొప్పికి అల్ట్రాసౌండ్ ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లో స్పష్టంగా రాసింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 1986లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన. జ్ఞానదంతం తీయించుకున్నవారి దవడకు అల్ట్రాసౌండ్ పెట్టారు. మిషన్ సున్నా మీద ఉన్నా వాపు తగ్గింది! నొప్పితో ఉన్న మనిషి పక్కన కూర్చుని శ్రద్ధగా చికిత్స చేస్తే, అతడిలో కలిగే నమ్మకం ఒంటి మీద నిజంగానే పనిచేస్తుంది. అంతమాత్రాన పనిచేయని చికిత్సకు డబ్బు తీసుకునే హక్కు మనకు రాదు. ఆ శ్రద్ధను వ్యాయామం నేర్పడంలో పెడదాం.

అలాగని మిషన్‌ను మూలన పడేయమనడం లేదు. భుజం స్నాయువులో సున్నం పేరుకున్నవారి మీద ఆస్ట్రియాలో జరిగి 1999లో వెలువడిన పరిశోధన చూడండి. ఆరు వారాల్లో 24 సార్లు, సారికి పదిహేను నిమిషాలు ఇచ్చారు. నొప్పి తగ్గింది, కొందరిలో సున్నం కరిగింది. తొమ్మిది నెలలకు మాత్రం ఉత్తుత్తి చికిత్స పొందినవారితో పోలిస్తే నొప్పిలో తేడా మిగల్లేదు. మనలో చాలామంది ఐదు రోజులు, రోజుకు ఐదు నిమిషాలు మిషన్ హెడ్ తిప్పి అదే ఫలితం ఆశిస్తున్నాం. అది న్యాయం కాదు. డయల్ మీద కనిపించే అంకెకూ హెడ్‌లోంచి వచ్చే శక్తికీ పొంతన ఉందో లేదో పరీక్ష చేయించేవారు ఎందరు? గర్భిణి పొట్ట, కంటి ప్రాంతం, క్యాన్సర్ గడ్డ, పేస్‌మేకర్ ఉన్నచోటు మీద దీన్ని వాడకూడదని ఈ సభకు వేరే చెప్పనక్కర్లేదు.

"కరెంటు పెట్టండి సార్, తగ్గిపోతుంది" అంటూ వచ్చే పెద్దాయనను వెంటనే బల్ల మీద పడుకోబెట్టడం తేలిక. మోకాలు ఎంత వంగుతోందో కొలిచి, తొడ కండరం బలహీనమైందని విడమరచి చెప్పి, ఇంట్లో చేసుకోవలసిన వ్యాయామం ఆయన చేత చేయించడానికి ఎక్కువ సమయం పడుతుంది. మన చదువు అక్కరకు వచ్చేది అక్కడే.

యువ మిత్రులారా, రేపటి నుంచి ప్రతి కేస్ షీట్‌లో ఫ్రీక్వెన్సీ, డోసు, నిమిషాలు రాయండి. మొదటి రోజు కొలతలు రాసి, వారం తర్వాత మళ్లీ కొలవండి. మార్పు లేకపోతే మిషన్ ఆపేసి, ఎందుకు ఆపారో రోగికి తెలుగులో చెప్పండి. వచ్చే సభకు ఆ షీట్లు తీసుకురండి, కలిసి చర్చిద్దాం.