తిమింగలం పాట ఎవరికి వినిపించాలి?

ఈ ఎపిసోడ్‌లో మాటలకంటే ముందు ఒక శబ్దం వినిపిస్తాను. హెడ్‌ఫోన్స్ దగ్గరుంటే పెట్టుకోండి. ఫోన్ స్పీకర్లో కింది స్వరాలు సరిగ్గా రావు.

(ఆడియో: హంప్‌బ్యాక్ తిమింగలం పాట, సుమారు 40 సెకన్లు)

విన్నారు కదా. పాత తలుపు కిర్రుమన్నట్టు, దూరం నుంచి దూడ అరిచినట్టు, మధ్యలో ఎవరో సన్నాయి శ్రుతి చూసుకుంటున్నట్టు ఉంటుంది. పాడేది మగ హంప్‌బ్యాక్ తిమింగలం. మన భాషలో తిమింగలం అన్న మాటలోనే మింగడం ఉంది చూడండి. తిమి అనే పెద్ద చేపను కూడా మింగేసేది తిమింగిలం అని సంస్కృతంలో అన్నారు, అది మనకు తిమింగలమైంది. పేరులోనే భయం పెట్టేశాం. మిగతా ప్రపంచం కూడా దాన్ని ఒక భయంగానో, లేకపోతే ఒక నూనె పీపాగానో చూసింది. ఆ చూపు మారడంలో మీరిప్పుడు విన్న శబ్దానికి పెద్ద పాత్రే ఉంది. అదెలా జరిగిందో, ఇప్పుడు అలాంటి పని ఎవరు చేస్తున్నారో ఇవాళ చెప్పుకుందాం.

కథ అట్లాంటిక్ సముద్రంలోని బెర్ముడా దీవుల్లో మొదలవుతుంది. ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు అక్కడ అమెరికా నౌకాదళం పనిమీద హైడ్రోఫోన్లు, అంటే నీళ్లలో పనిచేసే మైకులు, సముద్రంలోకి దించి వినేవారు. అది కోల్డ్‌వార్ కాలం. నౌకాదళానికి కావలసింది యుద్ధానికి పనికొచ్చే శబ్దాలు. టేపుల మీద పడుతున్నవి మాత్రం ఈ పాటలు. అవి హంప్‌బ్యాక్‌లవేనని ఆయన గ్రహించారు. గ్రహించి కూడా, బయటపెట్టలేదు. ఎందుకంటే వేటగాళ్లకు ఈ సంగతి తెలిస్తే, ఈ శబ్దాన్నే ఆనవాలుగా పట్టుకుని తిమింగలాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వస్తారని ఆయన భయం.

ఆ భయం ఉత్తినే పుట్టింది కాదండీ. 1960లలో కొన్ని సంవత్సరాల్లో ఏడాదికి 60,000కు పైగా తిమింగలాలను చంపారు. సబ్బుకి, మార్జరిన్‌కి, యంత్రాలకి వేసే నూనెకి, పెంపుడు జంతువుల మేతకి. ఇరవయ్యో శతాబ్దం మొత్తం మీద లెక్క చూస్తే దాదాపు 29 లక్షలు.

1967లో రోజర్ పేన్, కేటీ పేన్ అనే దంపతులు బెర్ముడా వచ్చారు. ఆయన జీవశాస్త్రజ్ఞుడు, ఆవిడ సంగీతం చదువుకున్నావిడ. వాట్లింగ్టన్ తన పడవలో వాళ్లకి ఈ రికార్డింగ్ వినిపించారు. ఇన్నాళ్లూ దాచుకున్న టేపు కాపీ వాళ్ల చేతిలో పెట్టారు. వీటిని కాపాడమని చెప్పి మరీ ఇచ్చారు. దాస్తే కాపాడినట్టు అనుకున్న మనిషి, నలుగురికీ పంచితేనే కాపాడగలం అన్న నిర్ణయానికి వచ్చారన్నమాట. నన్నడిగితే ఈ మొత్తం కథలో అన్నిటికంటే సాహసమైన పని అదే.

తర్వాత ఈ శబ్దాన్ని కాగితం మీద గీతలుగా ముద్రించి చూశారు. స్కాట్ మెక్‌వే, ఆయన భార్య హెల్లా కూడా ఈ పనిలో ఉన్నారు. ఆవిడ గణితం తెలిసిన మనిషి. చూస్తే ఏముంది? ఏదో అరుపులు అనుకున్నవి ఒక వరుసలో వస్తున్నాయి, వరుస పూర్తయ్యాక మళ్లీ మొదటికి వస్తున్నాయి. మన పాటలో పల్లవి, చరణాలు ఒక క్రమంలో నడిచినట్టే. ఒక్కో పాట సుమారు 7 నిమిషాల నుంచి 30 నిమిషాల దాకా ఉంటుంది. అది అయిపోగానే మళ్లీ ఎత్తుకుంటుంది, గంటలకొద్దీ. 1971లో రోజర్ పేన్, మెక్‌వే దీన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. పక్షుల కూతలను పాట అన్నట్టే దీన్నీ శాస్త్రపరంగా పాట అనొచ్చని చూపించారు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఒక ప్రాంతంలోని మగ తిమింగలాలన్నీ ఒకే పాట పాడతాయి. ఆ పాట మెల్లమెల్లగా మారుతూ ఉంటుంది, మారిన పాటని అన్నీ నేర్చుకుంటాయి. ఇది కనిపెట్టడంలో కేటీ పేన్ చెవి చాలా పనిచేసింది. తర్వాత పసిఫిక్‌లో ఇంకా వింత బయటపడింది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో పుట్టిన కొత్త పాట ఒకటి రెండేళ్లలో దీవి తర్వాత దీవి దాటుకుంటూ ఫ్రెంచ్ పాలినీషియా దాకా వెళ్లిపోతుంది. హిట్టయిన సినిమా పాట ఊరూరా పాకినట్టు. అసలివి ఎందుకు పాడతాయి, ఆడ తిమింగలం కోసమా, పక్కన ఉన్న మగవాటికి చెప్పడానికా? శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

సరే, పాట బయటికి ఎలా వచ్చింది? 1970లో ఎల్‌పీ రికార్డుగా. లక్షకు పైగా అమ్ముడుపోయింది. అదే ఏడాది జూడీ కాలిన్స్ అనే గాయని ఈ శబ్దాలతో కలిపి ఒక పాత వేట పాట పాడారు. న్యూయార్క్‌లో ఆర్కెస్ట్రా వాళ్లు వయొలిన్ల మధ్య ఈ టేపు పెట్టి కచేరీ చేశారు. 1977లో వోయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో కూడా ఇది ఉంది. 1979 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక, సంచికతోపాటు ఒక పలుచటి ప్లాస్టిక్ రికార్డు పెట్టి కోటీ ఐదు లక్షల కాపీలు వేసింది. అంటే అన్ని ఇళ్లలో తిమింగలం పాడిందన్నమాట. గ్రీన్‌పీస్ వాళ్లు 1975లో చిన్న పడవల్లో సోవియట్ వేట ఓడలకు అడ్డం వెళ్లారు. 1982లో అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వ్యాపార వేట ఆపాలని ఓటు వేసింది. 1986 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఇక్కడ ఒక మాట. పాట విని ప్రపంచం మారిపోయింది అని చెప్పేస్తే వినడానికి బాగుంటుంది కానీ, అంత సులువుగా ఏమీ జరగలేదు. హంప్‌బ్యాక్‌ల వ్యాపార వేటని 1966లోనే, అంటే రికార్డు రాకముందే, కాగితం మీద నిషేధించారు. సోవియట్ ఓడలు ఆ తర్వాత కూడా దొంగచాటుగా చంపుతూనే ఉన్నాయి. ఇంకో పక్క, తిమింగలాలు తగ్గిపోయి వేటలో లాభమే పోయింది. పాట చేసిందేమిటంటే, అప్పటిదాకా దీనితో ఏ సంబంధమూ లేని మామూలు జనానికి ఒక సంబంధం కలిపింది. వాళ్లు ఉత్తరాలు రాశారు, ఊరేగింపులు తీశారు, ప్రభుత్వాలను విసిగించారు. ఫలితం చూడండి, బ్రెజిల్ వైపు హంప్‌బ్యాక్‌లు ఒకప్పుడు 450 దాకా పడిపోయాయి, ఇప్పుడు 25,000 దగ్గరకి వచ్చాయి.

అన్నిటి కథా ఇలా సుఖాంతం కాలేదు. అదే 1970లో, ఆగస్టు 8న, అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని పెన్ కోవ్ అనే చోట ఓర్కాలను వలల్లో చుట్టుముట్టారు. ఓర్కా అంటే కిల్లర్ వేల్. శాస్త్రం ప్రకారం డాల్ఫిన్ల కుటుంబమే అనుకోండి. వినోద పార్కులకు అమ్మడానికి పిల్లలను తల్లుల నుంచి విడదీశారు. ఆ అరుపులు ఒడ్డున ఉన్నవాళ్లకి వినిపించాయి. ఒకచోట జనం ఇళ్లలో కూర్చుని రికార్డు వింటుంటే, ఇంకోచోట ఇది. ఆ రోజు పట్టిన ఒక పిల్ల పేరు టోకిటే. మయామీలో ఒక కొలనులో 50 ఏళ్లకు పైగా బతికింది. ఆ తీరపు లమ్మి తెగవాళ్లు ఓర్కాలను నీటి కింద ఉండే తమ బంధువులుగా చూస్తారు. మా పిల్లని మాకు పంపండి అని ఏళ్ల తరబడి పోరాడారు. 2023 మార్చిలో పంపుతామన్నారు. ఆగస్టులో ఆమె చనిపోయింది. చివరికి చితాభస్మం వచ్చింది. మనవాళ్లు అస్థికలు కలిపినట్టే, దాన్ని సొంత సముద్రంలో కలిపారు.

ఆమె కుటుంబాలు, సదరన్ రెసిడెంట్ ఓర్కాలు అంటారు, ఇప్పుడు 75 లోపే ఉన్నాయి. జె, కె, ఎల్ అని మూడు గుంపులు. ఒక్కో గుంపుకి ఒక్కో యాస ఉంది. వింటే ఏ గుంపో చెప్పొచ్చు. వీటికిప్పుడు వలల భయం లేదు. వీటి ముఖ్యమైన ఆహారం చినూక్ సాల్మన్ చేప, అది తగ్గిపోయింది. ఉన్న చేపని శబ్దంతోనే వెతుక్కోవాలి, ఓడల మోత దానికి అడ్డం వస్తోంది. చీకట్లో లాంతరు పట్టుకుని వెతుకుతుంటే ఎవరో ఎదురుగా లారీ హెడ్‌లైట్లు వేసినట్టు.

మోత అంత పని చేస్తుందా అంటారేమో. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొన్నాళ్లు కెనడా తూర్పున ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గాయి, నీటిలో మోత 6 డెసిబెల్స్ పడిపోయింది. ఆ రోజుల్లో అక్కడి రైట్ తిమింగలాల పేడలో ఒత్తిడి హార్మోన్ కూడా తగ్గింది. తిమింగలం పేడ సముద్రంలో ఎలా దొరుకుతుంది అంటే, పడవ మీద కుక్కని కూర్చోబెట్టుకుని వెళ్తారండి, అది వాసన పట్టి చూపిస్తుంది. నిజంగానే.

ఇప్పుడు ఆ తీరం జనం ఏం చేస్తున్నారంటే, ఓర్కాసౌండ్ అనే ఏర్పాటు ఉంది. తీరం వెంబడి కొన్ని చోట్ల నీళ్లలో మైకులు దించి, ఆ శబ్దాన్ని ఇంటర్నెట్‌లో ఎప్పుడూ లైవ్ పెడతారు. డబ్బు కట్టక్కర్లేదు, డిగ్రీ అక్కర్లేదు. ఓర్కా వినిపిస్తే అక్కడ ఒక బటన్ నొక్కడమే. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో చాలామంది వాలంటీర్లు. కంప్యూటర్‌కి కూడా గుర్తుపట్టడం నేర్పారు, అయినా మనుషుల చెవులు మానలేదు. నేనూ ఒక రాత్రి గంటసేపు విన్నాను. ఓర్కా రాలేదు. గంటసేపూ ఓడ ఇంజన్లే. అదీ వినాల్సిందేలెండి.

ఇక్కడే వాట్లింగ్టన్ ప్రశ్న మళ్లీ వస్తుంది. ఓర్కాలు ఫలానా చోట ఉన్నాయి అని అందరికీ తెలిస్తే ఏమవుతుంది? ఓడలు వేగం తగ్గించవచ్చు. లేదా చూడటానికి వంద పడవలు పరిగెత్తవచ్చు. పక్కనే కెనడాలో ఓషన్ వైజ్ సంస్థ దీన్ని ఆలోచించి చేసింది. జనం తిమింగలం కనబడితే యాప్‌లో చెప్తారు, ఆ కబురు వెంటనే వెళ్లేది మాత్రం ఓడలు నడిపేవాళ్లకి. అప్పుడు వాళ్లు నెమ్మదిస్తారు, దారి మార్చుకుంటారు. వాంకూవర్ పోర్టు 2017 నుంచి హారో జలసంధిలో ఓడలను నెమ్మదిగా వెళ్లమని కోరుతోంది. ఇటు వాషింగ్టన్‌లో 2025 నుంచి ఈ ఓర్కాలకు వెయ్యి గజాల దూరంలో ఉండాలని పడవలకు చట్టం పెట్టారు. పాట అందరికీ, ఆచూకీ అవసరమైనవాళ్లకే. నాకు ఈ పద్ధతి నచ్చింది.

మనకేమిటి సంబంధం అంటే, ఉంది. సీషెల్స్ అనే బుల్లి దేశం ప్రతిపాదిస్తే 1979లో హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు, మన బంగాళాఖాతం దానిలో భాగమే. అరేబియా సముద్రంలో హంప్‌బ్యాక్‌ల చిన్న గుంపు ఒకటుంది, వందకి లోపే ఉంటాయని అంచనా. మిగతావాటిలా చలి సముద్రాలకు వలస వెళ్లవు. 2017లో ఒమన్ దగ్గర లుబాన్ అనే ఆడ తిమింగలానికి ట్యాగ్ పెడితే, అది సముద్రం దాటి గోవా, కేరళ మీదుగా కన్యాకుమారి దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. మన జాలర్ల పడవల మధ్య నుంచే వెళ్లి ఉంటుంది.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మీలో తీరం దగ్గర ఉండేవాళ్లకి ఒక విన్నపం. తిమింగలం ఒడ్డుకి కొట్టుకొస్తే సెల్ఫీకి ఎక్కకండి. ఫోటో తీసి, చోటు, తేదీ రాసుకుని, వెంటనే అటవీశాఖకి చెప్పండి. ప్రాణంతో ఉంటే దాని మీద నీళ్లు పోయొచ్చు, తల మీదున్న ఊపిరి రంధ్రంలోకి మాత్రం నీరు, ఇసుక పోకుండా చూడండి. తోక దగ్గరకి వెళ్లకండి, ఒక్క దెబ్బ చాలు. మన దేశంలో సముద్ర క్షీరదాలను గమనించేవాళ్ల నెట్‌వర్క్ కూడా ఒకటుంది. మామూలు మనుషులు పంపిన కబుర్లు కూడా వాళ్లు నమోదు చేసుకుంటారు.

చివర్లో పాట పూర్తిగా పెడుతున్నాను, 10 నిమిషాలు ఉంటుంది. తీరిక ఉన్నవాళ్లు వినండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.

(ఆడియో: హంప్‌బ్యాక్ తిమింగలం పాట, పూర్తిగా)