గింజలోని విషము, చేనిలోని విరుగుడు



2004వ సంవత్సరమున ఆఫ్రికాఖండమందలి కెన్యాదేశమున 317 మంది కాలేయము చెడి వ్యాధిగ్రస్తులైరి. అందు 125 మంది మరణించిరి. పెక్కురు తినినది అంగటి సరకు గాదు, తమ చేలఁ బండి, తడి యారకయే ఇంట నిలువయుంచిన మొక్కజొన్న.

గింజకుఁ బట్టిన బూజు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కంటికిఁ గానరాదు; ఉడికించినను పోదు. వేరుసెనగను సయితము విడువదు.

బూజు చేనిలోనే సోకును గావున విరుగుడును అచ్చటనే కావలెను. అమెరికాలో వెలసిన యొక పద్ధతిని నైజీరియాలోని ఇబాడాన్ నగరమందలి అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థవారు ఆఫ్రికాకు అనువుపఱచిరి. అదే బూజు జాతిలో విషము పుట్టింపనేరని తెగలు ఆ నేలలయందే కలవు. వానిని ఏరి, మొలకెత్తకుండ వేఁపిన జొన్నలకుఁ బట్టించి, పూతకు రెండు మూడు వారముల ముందు తడినేలపై ఎకరమునకు నాలుగు కిలోల చొప్పునఁ జల్లుదురు. సాధుబూజు ముందుగాఁ జోటాక్రమింపఁగా విషబూజు వెనుకఁబడును. ముల్లును ముల్లుతోఁ దీయుట యిదియే కదా!

అయినను, శుభ్రమైన గింజకు ధర హెచ్చనిచో పేదరైతు ఈ వ్యయమేల భరించును? నైజీరియాలో 2013 తరువాత కొన్నేండ్లు అట్టి ధాన్యమునకుఁ బ్రోత్సాహధనము నిచ్చిరి. రైతులును ముందుకు వచ్చిరి. కాని అది అమ్మిన గింజకే దక్కును. కెన్యాలో మరణించినవారో, తమ గింజను తామే తినినవారు. అట్టివారి చేలకు ఈ జొన్నలు చౌకగాఁ జేరవలెను. పంటను నేలపైఁ గాక పట్టాలపై నారబెట్టుట వారి యింటింటికిఁ దెలియవలెను.